వ్యాయామం – ఇష్టమా? కష్టమా?

బడిలో ఆటల గంట మోగింది. పిల్లలందరూ మైదానంలోకి వచ్చి వరుసల్లో నిలబడ్డారు. "మైదానం చుట్టూ నాలుగు చుట్లు పరుగెత్తండి" అన్నారు వ్యాయామం మాస్టారు. ఆ మాట వినగానే కొందరి ముఖాలు విచ్చుకున్నాయి. మరికొందరి ముఖాలు ముడుచుకున్నాయి. ఒకడికి అప్పటికప్పుడు కాలినొప్పి వచ్చింది. ఇంకొకరికి కడుపునొప్పి వచ్చింది. రెండో చుట్టు పూర్తయ్యేసరికి సగంమంది పరుగు మాని నడక సాగించారు.

పావుగంట గడిచింది. ఆ పిల్లలే రెండు జట్లుగా విడిపోయి చెడుగుడు ఆట మొదలుపెట్టారు. ఇందాక కాలినొప్పి అన్నవాడే అందరికంటే ముందు కూతకు వెళ్ళాడు. ఇద్దరు పట్టుకుంటే విదిలించుకుని గీత దాటాడు. పడ్డాడు, లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు. బడి గంట కొట్టినా పిల్లలు బరి వదలలేదు.

నాలుగు చుట్ల పరుగులో పడే శ్రమకన్నా చెడుగుడులో పడే శ్రమ తక్కువేమీ కాదు. ఊపిరి బిగబట్టాలి, పరుగెత్తాలి, పెనుగులాడాలి. అయినా మొదటిది కష్టమనిపించింది. రెండోది ఇష్టమనిపించింది. ఎందుకని?

ఈ ప్రశ్న పిల్లలది మాత్రమే కాదు. పొద్దున్నే నడకకు బయలుదేరే పెద్దలను అడిగినా రెండు రకాల సమాధానాలు వస్తాయి. "నడవకపోతే ఆ రోజు ఏదో వెలితిగా ఉంటుంది" అని ఒకాయన అంటాడు. "డాక్టరు చెప్పాడు కాబట్టి నడుస్తున్నాను గాని, ఇందులో సుఖమేముంది?" అని పక్కనే నడిచే మరొకాయన అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఒకే దారిలో, ఒకే వేగంతో నడుస్తున్న ఇద్దరిలో ఒకరు ఆనందిస్తున్నారు, ఒకరు భరిస్తున్నారు.

గుంజీళ్ళ సంగతి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వినాయకుడి ముందు చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీసే భక్తుడికి అది మొక్కు. తమిళనాడులో దాన్నే తోప్పుకరణం అంటారు. తరగతిలో అల్లరి చేసిన పిల్లవాడి చేత తీయిస్తే అవే గుంజీళ్ళు శిక్ష. చెవులు పట్టుకోకుండా అదే విధంగా కూర్చుని లేస్తే, మహారాష్ట్రలోని తాలీముల్లో కుస్తీ నేర్చేవారికి అది బైఠక్. కర్ణాటకలోని గరడి మనెల్లో అది బస్కి. మోకాళ్ళు వంగేది ఒక్కలాగే, తొడల కండరాలు పనిచేసేది ఒక్కలాగే. కాని ఒకరికి భక్తి, ఒకరికి అవమానం, ఒకరికి బలం. కదలిక ఒకటే అయినా దాని వెనుక ఉన్న కారణాన్ని బట్టి మనసు దాన్ని వేరువేరుగా తీసుకుంటుంది.

చరిత్రలో దీనికి మరో నిదర్శనం ఉంది. నేడు పట్టణాల్లోని వ్యాయామశాలల్లో ట్రెడ్‌మిల్ అనే యంత్రం కనిపిస్తుంది. దానిమీద నడవడానికి జనం డబ్బు చెల్లిస్తారు. ఆ పేరుగల యంత్రాన్ని 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు జైళ్ళలోని ఖైదీల కోసం తయారుచేశాడు. అది మెట్లున్న పెద్ద చక్రం. ఖైదీలు గంటల తరబడి ఆ మెట్లు ఎక్కుతూనే ఉండాలి. ఎంత ఎక్కినా ఉన్నచోటే ఉంటారు. కొన్ని జైళ్ళలో ఆ చక్రంతో ధాన్యం విసిరేవారు, నీళ్ళు తోడేవారు. కొన్ని జైళ్ళలో దానివల్ల ఏ పనీ జరిగేది కాదు. అలసటే దాని ఫలితం. అది క్రూరమైన శిక్ష అని 1898లో వచ్చిన జైళ్ళ చట్టంతో దాన్ని తొలగించారు. నాటి ఖైదీకి దిగే స్వేచ్ఛ లేదు. నేడు దానిమీద నడిచేవాడు ఇష్టమైనప్పుడు ఎక్కుతాడు, చాలనుకున్నప్పుడు దిగుతాడు. శిక్షకూ సాధనకూ మధ్య ఉన్న గీత ఆ స్వేచ్ఛే.

వ్యాయామం అంటే ఇష్టపడనివారిని సోమరులని తేలికగా అనేస్తారు. అది పూర్తిగా న్యాయం కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు డేనియల్ లీబర్‌మన్ 2020లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్ని వివరించాడు. ఆదిమానవుడు వేటాడి, దుంపలు తవ్వి బతికాడు. ఆహారం దొరకడం కష్టం. దొరికిన ఆహారంతో వచ్చిన శక్తిని అవసరం లేకుండా ఖర్చు చేస్తే ప్రాణానికే ముప్పు. అందుచేత అవసరమైనప్పుడో, ఆటపాటల్లో సంతోషం కలిగినప్పుడో కదలడం, మిగతా సమయంలో విశ్రాంతి తీసుకోవడం మనిషి శరీరానికి అలవాటైంది. ఆరోగ్యం కోసమని పనిగట్టుకుని పరుగెత్తడం మానవజాతికి కొత్త. కాబట్టి తెల్లవారుజామున "ఇంకాసేపు పడుకుందాం" అనిపించడం తప్పు కాదు. అది శరీరం పాతకాలం నుంచి చెబుతున్న మాట.

అయితే కాలం మారింది. శరీరం చేసే పనులను యంత్రాలు చేస్తున్నాయి. బావిలో నీళ్ళు మోటారు తోడుతోంది. పిండి మర రుబ్బుతోంది. బడికి బస్సు తీసుకువెళుతోంది. షోలాపూరులో స్థిరపడిన తెలుగు నేతపనివారి ఇళ్ళలో చూసినా ఈ మార్పు తెలుస్తుంది. చేమగ్గం మీద నేసే తాతకు చేతులూ కాళ్ళూ రోజంతా ఆడేవి. సాయంత్రం ఆయనకు కావలసింది విశ్రాంతి. వ్యాయామం చేయమని ఆయనతో ఎవరూ అనలేదు. పుస్తకాల ముందు, తెర ముందు గంటల తరబడి కూర్చునే మనవడి సంగతి వేరు. తాతకు బతుకులోనే కలిసిపోయిన కదలికను మనవడు వెతుక్కోవలసి వచ్చింది.

వెతుక్కోకపోతే నష్టం చిన్నది కాదు. 5 నుంచి 17 ఏళ్ళ వయసు పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా ఆడడమో, పరుగెత్తడమో, వేగంగా నడవడమో చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ళ బడిపిల్లల్లో 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక లేదు. మగపిల్లల్లో వీరు 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. కదలిక తగ్గినకొద్దీ మధుమేహం, గుండెజబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది.

మరి కష్టమనిపించేదాన్ని ఇష్టంగా మార్చుకునే మార్గం ఉందా? కొంతవరకు ఉంది.

మొదటి సంగతి మోతాదు. ఒక తరగతిలో నలభైమంది ఉంటే నలభై శరీరాలు ఉంటాయి. మాస్టారు ఇచ్చిన ఆజ్ఞ ఒకటే అయినా అందరిమీదా పడే భారం ఒకటి కాదు. సన్నగా, చురుకుగా ఉన్నవాడికి సులువైన పరుగు, బరువుగా ఉన్నవాడికి గుండెలు అదిరే పరుగు అవుతుంది. ఆయాసం ఒక హద్దు దాటితే దాదాపు ఎవరికైనా బాధగానే ఉంటుంది. ఆ హద్దును తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటి ఉంది. నడుస్తున్నప్పుడో, పరుగెత్తుతున్నప్పుడో పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అది తగిన వేగం. మాట కూడా రాకపోతే వేగం తగ్గించాలి. హాయిగా పాట పాడగలిగితే కొంచెం పెంచవచ్చు.

రెండో సంగతి ఓపిక. 1992లో జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో శాస్త్రజ్ఞులు మెదడులో ఒక పదార్థాన్ని కనుగొన్నారు. అది మనసుకు ఊరటనిచ్చే మార్గంలో పనిచేస్తుంది. దానికి పేరు పెట్టడానికి వారు సంస్కృత పదమైన 'ఆనంద'ను తీసుకుని 'ఆనందమైడ్' అన్నారు. తెలుగువారి నోట నిత్యం నలిగే మాట అలా రసాయనశాస్త్రంలోకి వెళ్ళింది. కొంతసేపు పరుగెత్తినవారి రక్తంలో, సైకిలు తొక్కినవారి రక్తంలో ఈ పదార్థం పెరుగుతుందని 2003లో అమెరికాలో గుర్తించారు. మరీ నెమ్మదిగా నడిచినప్పుడూ, మరీ వేగంగా పరుగెత్తినప్పుడూ అది అంతగా పెరగదని, మధ్యస్థమైన శ్రమలో బాగా పెరుగుతుందని ఆ తరవాతి పరిశోధనల్లో తేలింది. అంటే ఆ హాయి మొదటి అడుగులోనే దొరకదు. కొంతసేపు భరించినవారికి తరవాత అందుతుంది. అందరికీ ఒకే పాళ్ళలోనూ అందదు.

మూడో సంగతి తోడు. పూర్వం వడ్లు దంచే స్త్రీలు దంపుడు పాటలు పాడేవారు. ఏతం తొక్కేవారికి ఏతం పాటలు ఉండేవి. గోదావరిమీద పడవ నడిపేవారు "హైలెస్సా" అంటూ ఒక్కసారిగా తెడ్లు వేసేవారు. యానాం వంటి నదీతీరపు ఊళ్ళలో పెద్దలను అడిగితే ఈ పాటల సంగతి చెబుతారు. లయ కుదిరితే బరువు తగ్గినట్టుంటుందని వారికి అనుభవంవల్ల తెలుసు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పడవ పందేల జట్టుపై చేసిన ఒక పరిశీలన 2009లో వెలువడింది. ఆటగాళ్ళు ఒంటరిగా సాధన చేసిన రోజుకన్నా, అంతే శ్రమతో అందరూ కలిసి సాధన చేసిన రోజున వారికి నొప్పిని ఓర్చుకునే శక్తి ఎక్కువగా కనిపించింది. చెడుగుడులో కాలినొప్పి మాయం కావడంలో వింత ఏమీ లేదు.

ఇక్కడ ఆడపిల్లల మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఐదో తరగతిలో తొక్కుడుబిళ్ళ, తాడాట ఆడి అలుపెరుగని పిల్ల, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మైదానం అంచున నిలబడి చూస్తూ ఉండిపోతుంది. "దానికి ఆటలంటే ఇష్టం లేదు" అంటారు. ఇంటికి వెళితే పని ఉంటుంది. పరుగెత్తడానికి వీలైన దుస్తులు ఉండవు. మైదానమంతా మగపిల్లలదే. పరుగెత్తితే నవ్వేవారు ఉంటారు. ఇష్టం లేదన్న మాట వెనుక చాలాసార్లు ఉండేది చోటు లేకపోవడమే.

ఇన్ని చెప్పినా, అందరూ వ్యాయామాన్ని ప్రేమించి తీరాలని లేదు. కొందరికి అది ఎప్పటికీ పళ్ళు తోముకోవడం వంటిదే. పళ్ళు తోముకోవడంలో ఆనందముందా అని ఎవరూ అడగరు, అలాగని ఎవరూ మానరు. వ్యాయామాన్ని ఆనందించేవాడు అదృష్టవంతుడు. భరిస్తూనే రోజూ చేసేవాడు వాడికంటే తక్కువవాడేమీ కాదు. ఆ మాటకొస్తే వాడి పట్టుదలే ఎక్కువ.

మరునాడు మళ్ళీ ఆటల గంట మోగింది. "ఇవాళ ఇద్దరిద్దరు కలవండి. మాట్లాడుకుంటూ పరుగెత్తండి. మాట ఆగిపోతే నడవండి. పది నిమిషాలు చాలు. చుట్లు లెక్కపెట్టను" అన్నారు మాస్టారు. మైదానం అంచున నిలబడిన ఆడపిల్లలను కూడా పిలిచి, ఒక పక్క వారికి విడిచిపెట్టించారు. నిన్న కాలినొప్పి అన్నవాడు స్నేహితుడితో కలిసి బయలుదేరాడు. కొంతసేపు పరుగెత్తాడు, కొంతసేపు నడిచాడు, మళ్ళీ పరుగెత్తాడు. పది నిమిషాలూ పూర్తిచేశాడు. వాడి ముఖం విచ్చుకోలేదు, ముడుచుకోనూ లేదు. కాలినొప్పి మాట మాత్రం ఎత్తలేదు.

అర్థాలు

కూత : చెడుగుడులో ఊపిరి బిగబట్టి చేసే ధ్వని
బరి : ఆట ఆడే హద్దు గీసిన స్థలం
తాలీము : కుస్తీ, కసరత్తు నేర్పే చోటు
గరడి మనె : కన్నడంలో వ్యాయామశాల
మోతాదు : తగిన కొలత
ఏతం : బావినుంచి నీరు తోడే సాధనం

ప్రశ్నలు

1. నాలుగు చుట్ల పరుగు కష్టమనీ, చెడుగుడు ఇష్టమనీ పిల్లలకు ఎందుకు అనిపించింది?
2. గుంజీళ్ళ ఉదాహరణ ద్వారా ఈ పాఠం ఏం చెబుతున్నది?
3. తాతకు అక్కరలేని వ్యాయామం మనవడికి ఎందుకు అవసరమైంది?
4. "ఇష్టం లేదన్న మాట వెనుక చాలాసార్లు ఉండేది చోటు లేకపోవడమే." ఈ వాక్యాన్ని మీ బడికి అన్వయించి రాయండి.
5. చెడుగుడును మీ ప్రాంతంలో ఏమంటారు? దాని నియమాలను పెద్దలను అడిగి పది వాక్యాల్లో రాయండి.