అద్దె ఇళ్లలోని పేదలకు ప్రభుత్వ సహాయం: మనం తెలుసుకోవలసినవి



రంజాన్ నెలలో మన సంఘానికి వచ్చే అర్జీలలో "అద్దె బాకీ" అన్న మాట తరచుగా కనిపిస్తుంది. మిరప కోతలు ఉన్నన్నాళ్లు కూలి దొరుకుతుంది. కోతలు అయిపోతే పని తగ్గుతుంది గానీ అద్దె తగ్గదు. "అద్దెకు ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?" అని అడిగేవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

అమెరికాలో 1974లో వచ్చిన చట్టం ప్రకారం పేద కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెకు కడితే, మిగతాది ఒక పరిమితి వరకు ప్రభుత్వమే ఇంటి యజమానికి చెల్లిస్తుంది. మన దేశంలో పేదలందరికీ అలా నెలనెలా అద్దె ఇచ్చే పథకం లేదు. కనుక "అద్దె డబ్బు మంజూరు చేయిస్తాం" అని ఎవరైనా సొమ్ము అడిగితే ఇవ్వకండి.

మనకు ఉన్నది ఇంటి సహాయం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0ను కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 9న ఆమోదించింది. అందులో రెండు భాగాలు అద్దెకున్నవారికి ముఖ్యం.

1. సొంత స్థలం ఉంటే ఇల్లు కట్టుకోవడానికి కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం కనీసం 1 లక్ష ఇవ్వాలి.

2. వలస కూలీలు, ఉద్యోగినులు, విద్యార్థుల వంటివారికి తక్కువ అద్దె ఇళ్లు. కరోనా లాక్‌డౌన్‌లో కూలీలు నడిచి ఊళ్లకు చేరిన బాధ చూశాక, 2020లో ఈ ఆలోచన పథకంగా వచ్చింది. అయితే ఇళ్లు కట్టిన చోటనే ఇది ఉపయోగం.

ఒక లెక్క చూద్దాం. నెలకు 4,000 అద్దె అంటే ఏడాదికి 48,000, అయిదేళ్లకు 2,40,000. ఇంచుమించు ఒక ఇంటి సహాయమంత సొమ్ము అద్దెకే పోతున్నది.

అర్హతలు: పేద వర్గం కింద కుటుంబ వార్షికాదాయం 3 లక్షలు మించరాదు. భర్త, భార్య, పెళ్లికాని పిల్లలలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండరాదు. ఇల్లు ఇంటి ఆడవారి పేరున, లేదా ఇద్దరి పేరున ఇస్తారు. అందరి ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, స్థలం కాగితాలు, బ్యాంకు పుస్తకం సిద్ధంగా ఉంచుకోండి. స్థలం లేనివారు ముందు సచివాలయంలో ఇంటి స్థలానికి అర్జీ పెట్టి, రసీదు భద్రపరచుకోవాలి.

జకాత్ సొమ్ముతో ఒక నెల బాకీ తీర్చగలం. నెల తిరిగేసరికి ఆ తల్లి మళ్లీ యజమాని ముందు తలవంచుకోవలసిందే. చదువుకున్న మన యువకులు ఒక్కొక్కరు ఒక్క కుటుంబం వెంట సచివాలయానికి వెళ్లి అర్జీ రాసిపెడితే, అది ఏళ్ల తరబడి నిలిచే సదఖా అవుతుంది. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.