కుదరదంటే ఏ లెక్కన కుదరదు?

‘అసాధ్యం అన్నదే లేదు’ అని రాసి గోడకు అంటించుకునే పిల్లలు గుడివాడ హాస్టళ్లలోనూ ఉంటారు, బందరు హాస్టళ్లలోనూ ఉంటారు. ముందు ఆ కాగితం పీకేయండి. అసాధ్యాలు ఉన్నాయి, రుజువులతో సహా ఉన్నాయి. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి ఏ కోణాన్నయినా సరిగ్గా మూడు సమభాగాలు చేసే పద్ధతి లేదని 1837లో పియరే వాంట్జెల్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు తేల్చేశాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. అంతకుముందు రెండు వేల ఏళ్లు ఎందరో తలలు బద్దలు కొట్టుకున్న లెక్క అది. ఇక దాని మీద పట్టుదల చూపడమంటే కాగితాలు ఖరాబు చేయడమే.

అయితే ఆ రుజువులోని షరతు చూడండి. గీతలు లేని స్కేలు, వృత్తలేఖిని, అంతే. స్కేలు మీద రెండు గుర్తులు పెట్టుకోనిస్తే ఆ పని చేసే ఉపాయం ప్రాచీన గ్రీకులకే తెలుసు. కోణం అదే, చెయ్యీ అదే. మారింది షరతు ఒక్కటే.

దివిసీమ వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పులిగడ్డ నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న పెనుమూడికి నేరుగా బస్సులో వెళ్లడం ఒకప్పుడు కుదరని పని. పడవెక్కాలి, లేదా విజయవాడ చుట్టి రావాలి. కృష్ణ మీద వారధి పడింది, కుదిరింది. ప్రయాణికుల ఆత్మవిశ్వాసం ఏమైనా పెరిగిందా? లేదు.

కాబట్టి ఏదైనా కుదరడం లేదనిపిస్తే మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపి, షరతులన్నీ కాగితం మీద పెట్టండి. గుడివాడ పక్కన చేపల చెరువు చూసుకుంటూ గ్రూప్స్‌కు చదివే కుర్రాడిని ఊహించుకోండి. చెరువు మీద పది గంటలు తప్పదంటాడు. చదువు ఎనిమిది గంటలకు తగ్గకూడదంటాడు. నిద్ర ఏడు గంటలు ఉండాలని డాక్టరు చెప్పాడంటాడు. విడివిడిగా మూడూ న్యాయమైనవే. కూడితే 25. రోజుకున్నవి 24. అతను టైమ్‌టేబుల్ నాలుగు రంగుల్లో గీసినా, తెల్లవారుజామున లేచి చన్నీళ్లు పోసుకున్నా ఆ గంట పుట్టదు. తాను బద్ధకస్తుడినని కుమిలిపోతాడే గానీ, కూడిక తప్పని గమనించడు.

పదో తరగతిలో మనమంతా చదివి వదిలేసిన పాఠమే ఇది. రెండు రేఖీయ సమీకరణాలు ఒక బిందువు దగ్గర కలిస్తే సంగతం, సమాంతరంగా పోతే అసంగతం. x, y కలిపితే 5 అన్నది ఒక్కటే ఉంటే ఎన్ని జవాబులైనా వస్తాయి. ఆ రెండే కలిపితే 7 కూడా కావాలన్నారో, ఒక్క జవాబూ మిగలదు. ఇంట్లో వాళ్లు ఒకటి, ఆఫీసులో వాళ్లు ఇంకొకటి, మీరు మరొకటి పెట్టుకున్న షరతులు ఇలాగే ఢీకొంటాయి. అప్పుడు చేయాల్సింది ఏ షరతును వదలాలో తేల్చుకోవడం. పై కుర్రాడయితే చెరువు మీద రెండు గంటలు మనిషిని పెట్టుకోవాలి, లేదా చదువు ఏడు గంటలకు దించాలి. మూడో దారి చెప్పేవాళ్లు కోచింగు సెంటరు కరపత్రాల్లో మాత్రమే ఉంటారు.

ఇక రెండో రకం పొరపాటు. ఇంతవరకూ జరగలేదు కాబట్టి జరగదనుకోవడం. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో లేకపోవడాన్ని నాలుగు రకాలుగా విడగొట్టాడు. కుండ తయారు కాకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలు లేదు, ముగింపు మాత్రం ఉంది. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. ‘మా వంశంలో డిగ్రీ దాటినవాళ్లు లేరండీ’ అనేవాళ్లు మొదటిదాన్ని చూపించి రెండోదని ఒప్పుకుంటున్నారు. అందులో వైరుధ్యం ఎక్కడుంది? రెండు షరతులు ఎక్కడ ఢీకొన్నాయో చూపించలేనప్పుడు ‘కుదరదు’ అనే హక్కు లేదు.

ఈ పొరపాటు ఒక్కోసారి ప్రాణాంతకం. సముద్రం ఇంత లోపలికి ఎన్నడూ రాలేదన్న ధీమాకు కోస్తాలో జవాబు ముందే ఉంది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది. దాదాపు 30,000 మంది పోయారని నాటి లెక్క. 113 ఏళ్లకు, 1977 నవంబరు 19న, ఆ పక్కనే దివిసీమను మరో ఉప్పెన ఊడ్చేసింది. అధికారిక లెక్కే పది వేలకు అటూ ఇటూ. ‘ఎన్నడూ’ అన్న మాటను కూల్చడానికి ఒక్క ఉదాహరణ చాలు, అది తాతల కాలం నాటిదైనా సరే. లోతు తక్కువ సముద్రం, పల్లపు నేల, తుపాను గాలి కలవడంలో అసంగతమేమీ లేదు. అరుదు, అంతే. అరుదైనదానికి బీమా కట్టాలి, సర్టిఫికెట్ల నకళ్లు మరో ఊళ్లో ఉంచాలి.

సాధ్యమని తేలినంత మాత్రాన సంబరపడిపోయే బాపతు కూడా ఉంది. వైరుధ్యం లేనిదల్లా నిజం కాదు. నేర్పుగా అల్లిన అబద్ధంలోనూ ఒక్క ముడి తప్పిపోదు. బందరు పోర్టునే చూడండి. 2008లో శంకుస్థాపన, 2019లో మళ్లీ, 2023లో మళ్లీ. తీరం ఉంది, అవసరం ఉంది, సాధ్యం కాదనడానికి కారణం లేదు. కానీ మొదటి శిలాఫలకం చూసి నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి అక్కడ స్థలం కొన్న మనిషి ఉంటే, అతను వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. పోర్టు రావచ్చా అని కాదు, ఎవరి డబ్బుతో, ఏ ఏడాదికి అని. ఆ వడ్డీ ఏటా అసలులో నాలుగో వంతుకు కొంచెం తక్కువ. నాలుగేళ్లు దాటితే వడ్డీయే అసలును మించుతుంది. మొదటి శంకుస్థాపనకూ రెండోదానికీ మధ్య దాదాపు 11 ఏళ్లు.