సముద్రాల అవతలి బేరము - సొమ్ము నిలిచే మార్గము

షోలాపూరు దుప్పటి అయినను, కంచి పట్టుచీర అయినను, బరంపురము పట్టా అయినను నేడు ఇంటర్నెట్టు వేలములో పెట్టినచో అమెరికాలోని ఇల్లాలు ఇంట కూర్చుండియే పాట పాడవచ్చును. ఫొటో తీసి వేలములో పెట్టుట మన పిల్లలకు బాగుగనే తెలియును. కాని వచ్చిన సొమ్ము మన దగ్గర నిలుచునా, మరల వెనుకకు పోవునా అను సంగతి విచారించువారు తక్కువ. ఒక పట్టుచీర పోయినదనగా పోయినది చీర మాత్రమే కాదు. పట్టు అప్పు, జరీ అప్పు, ఇంటిల్లిపాది కష్టము అన్నియు పోయినట్లే. కనుక ఈ సంగతి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మన పెద్దలు వి.పి.పి. మీద చీరలు పంపిన రోజులలో పోస్టుమాను సొమ్ము పుచ్చుకొని మరీ పార్సెలు ఇచ్చెడివాడు. సరుకు, రొక్కము ఒకే గడపలో చేతులు మారెడివి. విదేశీ వేలములో అట్టి గడప లేదు. ముందు సొమ్మో, ముందు సరుకో, ఏదో ఒకటి కదలవలెను. మోసము ఈ నడిమి సందులోనే జరుగును. పెద్ద ఎగుమతిదారులు బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్టుతో ఈ సందు మూసుకొందురు. ఒకటి రెండు చీరల బేరమునకు ఆ ఖర్చు గిట్టదు. మనకు గల అడ్డుకట్ట వేలము నడుపు సంస్థయు, అది ఏర్పరచిన చెల్లింపు మార్గమును.

1995లో అమెరికాలో ఆరంభమైన ఈబే సంస్థ మన దేశపు సైటును 2018లో మూసివేసినది. అయినను ఇక్కడి నుండి విదేశీయులకు అమ్ముటకు వీలున్నది. కొన్నవారు ఈబేకు చెల్లింతురు. కమిషను పోగా మిగిలినది పేయొనీర్ ద్వారా మన బ్యాంకుకు వచ్చును. వేలముతో పని లేక నేరుగా అమ్మువారికి పేపాల్ కలదు. అది 2021 ఏప్రిల్ 1 నుండి దేశములోపలి చెల్లింపులు మానుకొని, విదేశముల నుండి వచ్చు సొమ్మును మాత్రమే మనకు చేర్చుచున్నది. రెండింటిలోను కమిషను గాక డాలరును రూపాయిగా మార్చునపుడు కూడ కొంత కోత పడును. ధర కట్టునపుడే ఆ రెండును కలుపుకొనవలెను.

ఇక మోసముల సంగతి. అన్నిటికంటె తరచుగా వచ్చునది దొంగ ఈమెయిలు. "మీకు 400 డాలర్లు చెల్లించబడినవి, పార్సెలు నంబరు పంపగానే ఖాతాలో పడును" అని పేపాల్ గుర్తుతోనే ఉత్తరము వచ్చును. చూచుటకు అసలుదానివలెనే ఉండును. ఆ ఉత్తరములోని లింకును నొక్కరాదు. మనమే స్వయముగా మన ఖాతా తెరచి చూడవలెను. ఖాతాలో కనిపించని సొమ్ము లేని సొమ్మే. స్విఫ్టు రసీదు ఫొటో పంపి "మా బ్యాంకు పంపివేసినది" అనువారి సంగతియు ఇంతే. రసీదు బొమ్మ ఎవరైనను తయారు చేయగలరు. మన బ్యాంకు జమ చేసినదా లేదా అనునదే ప్రశ్న.

రెండవది ఎక్కువ సొమ్ము పంపు మోసము. 400 డాలర్ల చీరకు 1,900 డాలర్ల చెక్కు వచ్చును. "పొరపాటున ఎక్కువ వ్రాసినాము, మిగిలిన 1,500 మా రవాణా ఏజెంటుకు వెంటనే పంపుడు" అని తొందరపెట్టుదురు. విదేశీ చెక్కు వసూలగుటకు వారములు పట్టును. ముందుగా జమ వేసినను, చెక్కు చెల్లనిచో బ్యాంకు ఆ మొత్తమును మన ఖాతా నుండి తిరిగి తీసుకొనును. అప్పటికి చీర పోయినది, మనము పంపిన 1,500 కూడ పోయినది. వేలము బేరములో చెక్కు ముట్టనే వద్దని మా అభిప్రాయము. ఇక సొమ్ము పంపెదమని చెప్పి క్యు.ఆర్. కోడు స్కాను చేయుమని, యు.పి.ఐ. పిన్ను కొట్టుమని అడుగువారు కలరు. పిన్ను సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కరలేదు.

"సైటుకు కమిషను ఎందుకు, నేరుగా పంపెదను" అని కొన్నవారు ఆశ పెట్టుట మరియొకటి. ఇది సైటు నిబంధనలకు విరుద్ధము. రేపు తగవు వచ్చినచో సైటువారు మన మాట వినరు.

సొమ్ము నిజముగా వచ్చిన పిమ్మట కూడ పని తీరలేదు. పేపాల్‌లో కొన్నవారు చెల్లించిన నాటి నుండి 180 దినముల వరకు తగవు పెట్టవచ్చును. కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా కూడ సొమ్ము వెనుకకు లాగవచ్చును. అంతవరకు ఆ సొమ్ము పూర్తిగా మనది కాదనుకొని కాగితములు దాచవలెను. పేపాల్ వివరములలో ఉన్న చిరునామాకే పార్సెలు పంపవలెను. "మా చెల్లెలి ఇంటికి పంపుడు" అన్నచో ఆ బేరము రద్దుచేసి, ఆ చిరునామాతోనే మరల చెల్లించుమని కోరవలెను. కొన్నవారే తమ కొరియరును పంపి తీసుకొనిపోవుదుమన్నను ఒప్పుకొనరాదు. చేరినట్లు మన చేతిలో ఋజువుండదు. 750 డాలర్లు, అంతకు పైబడిన సరుకునకు పుచ్చుకొన్నవారి సంతకము ఉన్నగాని పేపాల్ రక్షణ దొరకదు. కంచి పెండ్లి చీరలు పంపువారు ఇది ముఖ్యముగా గమనింపవలెను.

"చీర చెప్పినట్లు లేదు" అను తగవే మన సరుకునకు ఎక్కువ ప్రమాదకరము. దీనికి మందు వర్ణనలోనే ఉన్నది. పొడవు, వెడల్పు, జాకెట్టు ముక్క ఉన్నదా, జరీ అసలుదా ఇమిటేషనుదా, మగ్గము చేతిదా పవర్‌లూమా అను సంగతులు దాచక వ్రాయవలెను. చేనేతలో పేక ముడులు, చిన్న హెచ్చుతగ్గులు ఉండునని ముందే చెప్పవలెను. రంగు పగటి వెలుగులో ఫొటో తీయవలెను. సిల్కుమార్కు చీటీ ఉన్నచో దాని నంబరుతో సహా తీయుడు. అంచు, కొంగు దగ్గరగా తీసిన ఫొటోలు కూడ ఉండవలెను. వాపసు పేరుతో వేరొక చీర తిరిగి వచ్చినపుడు ఇవియే సాక్ష్యము. పార్సెలు కట్టునపుడు విడియో తీయుట అరగంట పని, మానరాదు.

కస్టమ్సు చీటీపై "బహుమతి, 10 డాలర్లు" అని వ్రాయుమని అడుగువారికి లొంగరాదు. అది తప్పుడు ప్రకటన. పైగా పార్సెలు పోయినచో మనము వ్రాసిన 10 డాలర్లే మన మీద సాక్ష్యమగును. అమెరికా ప్రభుత్వము 800 డాలర్ల లోపు సరుకునకు ఇచ్చిన సుంకపు మినహాయింపును 2025 ఆగస్టు 29 నుండి తీసివేసినది. సుంకము చూచి పార్సెలు తిరుగగొట్టి సొమ్ము అడుగువారు ఉందురు కనుక, సుంకము ఎవరు భరింపవలెనో పాట మొదలుకాక మునుపే వర్ణనలో వ్రాయుడు.

విదేశ వ్యాపార డైరెక్టరేటువారి ఐ.ఇ.సి. నంబరు పాను కార్డు మీద దొరకును. ఇంటి పేర వ్యాపారము చేయువారును తీసుకొనవచ్చును. 2022 నుండి పోస్టాఫీసులలో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రములు ఏర్పడినవి. అక్కడ ఎగుమతి బిల్లు తయారు చేసుకొని పంపినచో సరుకు పోయినట్లు ప్రభుత్వపు కాగితము చేతిలో ఉండును. సొమ్ము వచ్చినట్లు బ్యాంకు నుండి గాని, చెల్లింపు సంస్థ నుండి గాని ఫారిన్ ఇన్‌వర్డు రెమిటెన్సు పత్రము అడిగి తీసుకొని, ఈ రెండింటిని ఒకే దారమునకు గుచ్చి ఉంచవలెను. మోసము జరిగినట్లు తోచిన గంటలోనే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకునకు కూడ తెలుపవలెను. సొమ్ము ఇంకను చేతులు మారుచుండగనే దానిని ఆపుటకు వీలుండును. సిగ్గుపడి నాలుగు దినములు ఇంటిలోనే దాచినచో ఆ వీలు పోవును.