పెద్దవాళ్లకి నేర్పేటప్పుడు: మనం చెప్పింది ఒకటి, వాళ్లకి చేరింది ఇంకొకటి



పైన వీడియోలో మీరు చూసింది మా దగ్గర జరిగిన విత్తనశుద్ధి శిక్షణ. ఆ శిక్షణ అలాగే ఎందుకు పెట్టామో వీడియోలో చెప్పడం కుదరలేదు. అది ఇక్కడ రాస్తున్నా. ఐసీఆర్పీలుగా పనిచేసేవాళ్లు, మహిళా సంఘాల్లో నలుగురికీ చెప్పేవాళ్లు, ఊళ్లో "ఆ కషాయం ఎట్లా చేయాలి?" అని అడిగితే ఆగి చెప్పేవాళ్లు... మీ అందరి కోసం ఈ పాఠం.

ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతా.

ఒక పంట పోయింది

నేను అగ్రికల్చర్ డిప్లొమా చదివి వచ్చి, కషాయాలు, ఘనజీవామృతం తయారుచేసి అమ్మే చిన్న యూనిట్ పెట్టుకున్న కొత్తల్లో, ఖరీఫ్‌కి ముందు పక్క ఊళ్లో ఒక మీటింగ్ పెట్టా. స్కూలు వరండాలో 40 మంది దాకా కూర్చున్నారు. బోర్డు మీద బీజామృతం లెక్క రాశా: 20 లీటర్ల నీళ్లు, 5 కిలోల ఆవుపేడ, 5 లీటర్ల ఆవుమూత్రం, 50 గ్రాముల సున్నం, గట్టు మీది మట్టి గుప్పెడు. "విత్తనాన్ని ఇందులో ముంచి, నీడలో ఆరబెట్టి వేసుకోండి" అన్నా. వేరుశనగ సంగతి చివర్లో ఒక్క ముక్క చెప్పా. అప్పటికే టీ వచ్చేసింది. అందరూ లేచారు.

ముందు వరసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. నేను చెప్పే ప్రతి మాటకీ తల ఊపాడు. నాకు భలే సంతోషం అనిపించింది.

నెల తర్వాత ఆయన నా యూనిట్‌కి వచ్చాడు. ఎకరాకి పెట్టుకున్న వేరుశనగ గింజల్ని రాత్రంతా బీజామృతంలో నానబెట్టారంట. పొద్దున చూస్తే గింజ మీది ఎర్రపొర చేతికి ఊడొస్తోంది, కొన్ని రెండు బద్దలైపోయాయి. పదునుంది కదా అని అట్లాగే విత్తారు. చేనులో మొక్కల కన్నా ఖాళీలే ఎక్కువ.

"నువ్వు చెప్పినట్టే చేసినా నాయనా. ముంచమన్నావు, ముంచినా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నా దగ్గర జవాబు లేదు.

వేరుశనగ గింజకి ఆ పలచటి పొరే కాపలా. అది ఊడితే మట్టిలోని శిలీంధ్రం నేరుగా గింజలోకి దిగుతుంది. అందుకే వేరుశనగ గింజని నానబెట్టకూడదు. పట్ట మీద పరిచి, బీజామృతం పలచగా చిలకరించి, రెండు చేతులతో మెల్లగా దొర్లించి, వెంటనే నీడలో ఆరబెట్టాలి. ఇది నాకు తెలుసు. పరీక్షలో అడిగితే రాసేవాణ్ణి కూడా. పరీక్షలో తప్పితే మార్కులు పోతాయి. ఇక్కడ ఒక మనిషికి పంట పోయింది. ఊళ్లో "ఈ ప్రకృతి వ్యవసాయం అంతా ఇంతే" అనే మాట కూడా వచ్చింది.

ఆయన ఎందుకు అట్లా అర్థం చేసుకున్నాడు?

తర్వాత వాళ్లింటికి వెళ్లి కూర్చుని మాట్లాడితే రెండు విషయాలు బయటపడ్డాయి.

మొదటిది. ఆయన చిన్నప్పటి నుంచీ వరి విత్తనం నానబెట్టి, మండెకట్టి, మొలక వచ్చాక నారుమడిలో చల్లిన మనిషి. నేను "ముంచండి" అంటే ఆయనకి అది "నానబెట్టండి" అనే చేరింది. పెద్దవాళ్ల బుర్ర ఖాళీ పలక కాదు. మనం చెప్పే కొత్త మాట వెళ్లి వాళ్ల పాత అనుభవంలో ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. ఎక్కడ కూర్చుందో కనుక్కోవాల్సిన పని మనది.

రెండోది ఇంకా పెద్దది. ఆ గింజల్ని కుండలో వేసింది ఆయన కాదు, ఆయన భార్య. ఆమె మీటింగ్‌కి రానేలేదు. ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: "శెనక్కాయ గింజ నానితే తోలు ఊడుతుందని నాకు తెలుసు నాయనా. చదువుకున్నోళ్లు మీటింగ్‌లో చెప్పినారంట, ఇంక నేనేం మాట్లాడేది?"

అంటే ఆ ఇంట్లో సరైన జ్ఞానం ముందే ఉంది. నా మాట వచ్చి దాని నోరు మూసింది.

"నేర్చుకునే తీరు" అంటే ఏంటి?

ఆ తర్వాత పెద్దవాళ్లకి నేర్పడం గురించి నేనూ కొంచెం చదువుకున్నా. పనికొచ్చేవరకూ చెప్తా.

అమెరికాలో మాల్కం నోల్స్ అనే ఆయన పెద్దల విద్య మీద చాలా రాశారు. సారాంశం ఇది: పెద్దవాళ్లు తమకి అవసరమైనదే నేర్చుకుంటారు, రేపు వాడుకునేది నేర్చుకుంటారు, తమ అనుభవానికి గౌరవం ఇచ్చే చోట నేర్చుకుంటారు. మన రైతుల్ని చూస్తే ఇందులో ఒక్క ముక్క కూడా కొత్తగా అనిపించదు.

డేవిడ్ కోల్బ్ 1984లో రాసిన పుస్తకంలో నేర్చుకోవడాన్ని ఒక చక్రంలా చూపించారు: చేయడం, ఏం జరిగిందో గమనించడం, ఎందుకు జరిగిందో ఆలోచించడం, మళ్లీ మార్చి చేసి చూడడం. రైతు ప్రతి సీజన్‌లో చేసేది ఇదే.

ఇంకొకటి శిక్షణల్లో బాగా వినిపిస్తుంది. న్యూజిలాండ్‌కి చెందిన నీల్ ఫ్లెమింగ్ తెచ్చిన "వార్క్" పద్ధతి. కొందరు చూసి, కొందరు విని, కొందరు చదివి-రాసి, కొందరు చేతులతో చేసి నేర్చుకోవడానికి ఇష్టపడతారని ఇది చెప్తుంది. వినడానికి బాగుంది. నేను కూడా కొన్నాళ్లు "ఈయన చూసే టైపు, ఈమె వినే టైపు" అని మనుషులకి చీటీలు అంటించా.

ఇక్కడే జాగ్రత్త కావాలి. 2008లో హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని పరిశీలించారు. మనిషి "టైపు"కి తగ్గట్టు బోధన మారిస్తే ఎక్కువ నేర్చుకుంటారు అనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. మనుషులకి ఇష్టాలు ఉంటాయి, అది నిజం. కానీ ఆ ఇష్టాన్ని బట్టి మనిషిని ఒక గదిలో పెట్టి తలుపు వేయకూడదు. "చదువు రాదు కాబట్టి ఈమెకి లెక్క చెప్పక్కర్లేదు, చేసి చూపిస్తే చాలు" అనుకోవడం తప్పు. సంతలో ఆమె వేసే లెక్క మనం ఫోన్ తీసేలోపు అయిపోతుంది.

మరి ఏ దారిలో చెప్పాలి? నా అనుభవంలో దాన్ని నిర్ణయించాల్సింది విషయమే.

- జీవామృతం తయారైందా లేదా అన్నది ముక్కుకి, కంటికి తెలియాలి. 48 గంటలు నీడలో పులిసిన డ్రమ్ము దగ్గర నిలబెట్టి వాసన చూపించండి. కుళ్లిపోయిన డ్రమ్ము ఉంటే అదీ చూపించండి.
- మోతాదు చేతికి తెలియాలి. 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి అని బోర్డు మీద రాస్తే సరిపోదు. వాళ్ల ఇంట్లో ఉండే బక్కెట్, తట్ట, చెంబుతోనే కొలిపించండి.
- తెగులు కంటితో నేర్చుకోవాలి. ఫొటో కంటే ఆకు మేలు, ఆకు కంటే చేనులో మొక్క మేలు.
- "ఎందుకు" అన్నది మాటల్లో తేలాలి. అక్కడ వాళ్లు మాట్లాడాలి, మనం వినాలి.

పొలంబడి నేర్పిన పాఠం

1989లో ఇండోనేషియాలో వరి రైతులకి పొలంబడులు మొదలయ్యాయి. అక్కడ పురుగుమందులు విచ్చలవిడిగా కొట్టడం వల్ల మిత్రపురుగులు చచ్చి, సుడిదోమ విజృంభించింది. రైతులు వారానికి ఒకసారి పొలంలో దిగి, చూసినదాన్ని పెద్ద కాగితం మీద బొమ్మ వేసి, చర్చించుకునేవాళ్లు. సీసాలో సాలీడుని, దోమల్ని కలిపి పెట్టి ఏది దేన్ని తింటుందో వాళ్లే చూసేవాళ్లు. "ఇదేం పురుగు?" అని రైతు అడిగితే, శిక్షకుడు పేరు చెప్పకుండా "ఎక్కడ దొరికింది? ఏం చేస్తోంది?" అని తిరిగి అడగాలి. మన దగ్గర పొలంబడుల మూలం కూడా అదే.

ఇప్పుడు మేం విత్తనశుద్ధి ఎట్లా నేర్పుతున్నాం

మొత్తం గంటన్నర. 15 నుంచి 20 మందికి మించకుండా చూసుకుంటాం.

1. మొదటి 15 నిమిషాలు అడగడమే. "మీ ఇంట్లో విత్తనం ఎవరు చూస్తారు? ఏ విత్తనానికి ఏం చేస్తారు?" వచ్చిన సమాధానాల్లోనే సగం పాఠం ఉంటుంది. ఆ పని చేసేవాళ్లు రాకపోతే పిలిపిస్తాం, లేదా ఇంకో రోజు పెట్టుకుంటాం.

2. తర్వాత 20 నిమిషాలు చేసి చూపిస్తాం. రెండు విత్తనాలు పక్కపక్కనే: వరి, వేరుశనగ. తేడా కళ్ల ముందు ఉంటుంది. ముందురోజు రాత్రి కావాలనే నానబెట్టిన గుప్పెడు వేరుశనగ గింజల్ని కూడా చేతికిస్తాం. పొర వేలికి ఊడొచ్చినప్పుడు ఇంక మనం చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

3. 30 నిమిషాలు వాళ్ల చేత చేయిస్తాం. మేం చేతులు కట్టుకుని నిలబడతాం. ఇదే కష్టం. తప్పు చేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాలనిపిస్తుంది. పక్కవాళ్లు చెప్పేదాకా ఆగాలి.

4. 15 నిమిషాలు వాళ్లు మాకు పాఠం చెప్పాలి. "అర్థమైందా?" అని ఎప్పుడూ అడగొద్దు. అవునని తల ఊపుతారు, నేను మోసపోయింది ఆ తల ఊపుకే. "రేపు మీ కోడలికి ఎట్లా చెప్తావో చెప్పక్కా" అనండి. తప్పు ఎక్కడుందో అక్కడే దొరుకుతుంది.

5. చివరి 10 నిమిషాలు మొలక పరీక్షకి. శుద్ధి చేసినవి, నానబెట్టినవి, ఏమీ చేయనివి, ఒక్కో రకం 100 గింజలు తడి గోనెసంచిలో చుట్టి ఊళ్లోనే ఒకరింట్లో పెడతాం. వారం తర్వాత వాళ్లే విప్పి లెక్కపెడతారు. ఆ లెక్క నా మాట కంటే గట్టిది.

ముఖ్యమైన జాగ్రత్తని చివరికి పెట్టొద్దు, మొదట్లోనే చెప్పి, మధ్యలో చేయించి, చివర్లో వాళ్ల నోటితో చెప్పించండి. టీ ఎప్పుడు వస్తుందో కూడా ముందే కనుక్కోండి.

చివరి మాట

ఆ పెద్దాయనకి మరుసటి ఏడు విత్తనం నేనే ఇచ్చా. పోయిన పంటకి అది సరిపోదని నాకూ తెలుసు. ఆయన తీసుకున్నాడు గానీ, రెండేళ్లు నా మీటింగ్‌కి రాలేదు. ఆమె మాత్రం వచ్చింది. ఇప్పుడు వేరుశనగ ఉన్న ఊళ్లలో ఆ భాగం ఆమే చెప్తుంది. నేను పట్ట పట్టుకుంటా. వీడియోలో గింజల్ని దొర్లించే ఆ రెండు చేతులు ఆమెవే. ఇంకోసారి చూడండి, ఎంత మెల్లగా దొర్లిస్తుందో.

మీ ఊళ్లో మీరు చెప్పింది ఒకటి, వాళ్లకి చేరింది ఇంకొకటి అయిన సందర్భం ఉంటే కింద రాయండి. సిగ్గుపడొద్దు. మనం దాచుకున్న తప్పు ఇంకో ఊళ్లో ఇంకొకరి విత్తనం మీద పడుతుంది.