ఫోన్‌లో ఖత్తాతీ పాఠాలు: ఒక పరిశీలన



మన పిల్లల్లో, ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ చదివే ఆడపిల్లల్లో, అరబీ, ఉర్దూ అక్షరాలను అందంగా రాసే ఖత్తాతీ మీద ఆసక్తి బాగా పెరిగింది. యూట్యూబ్ వీడియోలు చూస్తూ ఇంట్లోనే నేర్చుకుంటున్నారు. పెళ్లి కార్డులు, గోడ ఫ్రేములు, దుకాణం బోర్డులు రాసి నాలుగు రూపాయలు సంపాదించాలన్నది వారి ఆశ. ఫోను, రీచార్జి ఇప్పిస్తే చాలని వారు అడిగితే మేమూ సరేనని కొందరికి ఇప్పించాం. అది చాలదని మాకు ఆలస్యంగా అర్థమైంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాం. ఆమె రాసిన ఫ్రేములు చూసి అందరం మెచ్చుకున్నాం. ఒక పెద్దాయన వచ్చి, "మా అబ్బాజాన్ పేరు రాసివ్వు బేటీ" అన్నారు. ఆమె రాయలేకపోయింది. వీడియోలో ఉన్న మాటలను చూసి దించడమే అంతవరకూ ఆమె చేసింది. అరబీ లిపిలో అక్షరం మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఇంకోలా ఉంటుంది. పక్క అక్షరాన్ని బట్టి కూడా వంపు మారుతుంది. ఆ పేరు ఏ వీడియోలోనూ లేదు.

ఈ విద్యకు ఒక కొలత ఉంది. బాగ్దాద్‌లో వజీరుగా పనిచేసిన ఇబ్న్ ముఖ్లా (మరణం 940) అక్షరాలను చుక్కలతో కొలిచే పద్ధతిని స్థిరపరిచాడని చెబుతారు. రెల్లు కలం మొనను ఏటవాలుగా కోసి కాగితం మీద అద్దితే పలక ఆకారంలో ఒక చుక్క పడుతుంది. అదే కొలబద్ద. నస్తాలీఖ్‌లో అలిఫ్ సాధారణంగా మూడు చుక్కల ఎత్తు, సులుస్‌లో ఏడు. కలం మొన వెడల్పయితే చుక్క పెద్దదవుతుంది, దాంతోపాటు అక్షరమూ పెరుగుతుంది. ఈ లెక్క చేతికి పట్టినవారు ఏ పేరైనా రాయగలరు.

వీడియోలను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఇస్తాంబుల్ ఉస్తాద్ చెయ్యి ఎలా కదులుతుందో కర్నూలులో కూర్చున్న పిల్ల చూడగలగడం చిన్న విషయమా? నచ్చిన చోట ఆపుకోవచ్చు, పావు వేగంతో మళ్లీ చూడవచ్చు. అయితే చిన్న వీడియోలు చాలావరకు వేగం పెంచి పెట్టినవే. ఉస్తాద్ నిమిషం పాటు లాగిన గీత మూడు సెకన్లలో అయిపోతుంది. పిల్లలు ఆ వేగాన్నే నేర్చుకుంటున్నారు. కలాన్ని ఏ కోణంలో కోయాలి, ఎంత నొక్కాలి అన్నది పైనుంచి తీసిన వీడియోలో సరిగా కనిపించదు.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. బే కింద ఒక చుక్క, తే పైన రెండు, సే పైన మూడు. చుక్క మారితే అక్షరం మారుతుంది, మాట మారుతుంది. ఆయత్ రాసి అమ్మేటప్పుడు అలాంటి తప్పు దొర్లితే ఎలా? తెలిసినవారు చూశాకే ఫ్రేము కట్టించాలి.

పాత పద్ధతిలో శిష్యుడు రాసిన మష్ఖ్ కింద ఉస్తాద్ ఎర్ర సిరాతో దిద్ది చూపేవాడు. తృప్తి కలిగాక ఇజాజత్ ఇచ్చేవాడు. అప్పుడే శిష్యుడు తన పేరుతో సంతకం చేసేవాడు. ఆ ఎర్ర సిరా ఫోన్‌లో లేదు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులకు, పత్రికలకు రాసిన కాతిబ్‌ల పనిని 1994లో వచ్చిన ఇన్‌పేజ్ లాంటి సాఫ్ట్‌వేర్లు లాగేసుకున్నాయి. ఆ తరం పెద్దలు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి చెయ్యి వణకవచ్చు గానీ కన్ను తప్పు పట్టగలదు.

అందుకే ఈసారి ఫోన్లకు బదులు అలాంటి ఒక ఉస్తాద్‌కు వారానికి రెండు పూటల గౌరవ వేతనం ఇద్దామని అనుకుంటున్నాం. దూరాన ఉన్న పిల్లలు మష్ఖ్ ఫోటోను వాట్సాప్‌లో పంపితే ఆయన దిద్ది తిరిగి పంపుతారు. రెల్లు కలాలు, సిరా, నున్నటి కాగితం కూడా కొనాలి.

సొంత ఛానల్ పెట్టి సంపాదిస్తామనే పిల్లలూ ఉన్నారు. పెట్టుకోవచ్చు. కానీ ప్రకటనల డబ్బు రావాలంటే కనీసం 1000 మంది సబ్‌స్క్రైబర్లు, దానికితోడు ఏడాదిలో 4000 గంటల వీక్షణ (లేదా షార్ట్స్‌కు 90 రోజుల్లో కోటి వీక్షణలు) కావాలి. వీధిలో ఒక పెళ్లి కార్డు ఆర్డరు అంతకంటే ముందే రావచ్చు. ఆ పేరు రాయడం వస్తే.