పెరటిలో మొక్కకు ముందు నేల చదును

తొలకరి వానలు పడగానే పెరటిలో కొబ్బరి, నిమ్మ, మునగ, కరివేప నాటవలెనని చాలమంది రైతులు తలచుచుందురు. మంచిదే. కాని మొక్కలు తెచ్చుటకు ముందు ఒక విషయము గమనించవలెను. మీ పెరటిలో పడిన వాన నీరు ఎటు పోవుచున్నది?

నీరు ఇంటివైపు పారినచో పునాది నాని గోడలు చెమ్మగిల్లును. నల్లరేగడి మన్ను తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకొనును గనుక గోడలు పగులును. నీరు గుంటలలో నిలిచినచో లేత మొక్కల వేళ్లు కుళ్లును. వారము పది దినములు నిలిచిన నీటిలో దోమలు పుట్టి పెరుగును. మొక్కలు నాటిన పిమ్మట ఈ లోపమును సవరించుట కష్టము. కావున వేసవిలోనే నేలను సరిచేసికొనవలెను.

వాలు చూచు విధము: తాపీ పనివారు వాడు నీటిగొట్టము చాలును. గోడవద్ద ఒక గుంజ, కంచెవద్ద ఒక గుంజ పాతి, గొట్టములో గాలి బుడగలు లేకుండ నీరు నింపి, రెండు గుంజలపై నీటి మట్టమును గుర్తింపవలెను. గుర్తునుండి నేలవరకు గోడవద్ద 3 అడుగులు, కంచెవద్ద 4 అడుగులు ఉన్నచో నేల 1 అడుగు పల్లమన్నమాట.

ఎంత వాలు కావలెను: గోడనుండి మొదటి 10 అడుగులలో 6 అంగుళముల వాలు, ఆపైన 100 అడుగులకు 1 అడుగు చొప్పున ఉండిన చాలును. అనగా 60 అడుగుల పెరటికి మొత్తము 1 అడుగు. అంతకు మించిన వాలులో మన్ను కొట్టుకొనిపోవును. నీటిని వీధి కాలువకుగాని, ఇంకుడు గుంతకుగాని మళ్లింపవలెను. పొరుగువారి గోడకు తగులనీయరాదు. తగవులకు అదియే మూలము.

పైమన్ను జాగ్రత్త: పై 6 అంగుళముల మన్నులోనే సారమున్నది. దానిని మొదట తీసి వేరుగా కుప్ప వేసి, అడుగు మన్నుతో మెరక పల్లములు సరిచేసి, తుదకు పైమన్నును పరచవలెను. ఈ క్రమము తప్పినచో సారము అడుగునబడి, చవిటి మన్నో సుద్దమన్నో పైకి వచ్చును.

పల్లము పూడ్చుట: ఇటుక ముక్కలు, సున్నపు పెళ్లలు, ప్లాస్టిక్ సంచులు ఏరివేయవలెను. మన్నును 6 అంగుళముల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టవలెను. మొక్కలు నాటు చోట మాత్రము దిమ్మిస కొట్టరాదు. ఇంటి అరుగు మట్టము నేలకంటె కనీసము 6 అంగుళములు పైకి కనబడవలెను. ఉన్న వేప, మామిడి మొదళ్లకు మన్ను ఎగద్రోయరాదు. వేళ్లకు గాలి అందక చెట్టు క్షీణించును.

తుది పరీక్ష: మొదటి పెద్దవాన కురియునప్పుడు గొడుగు వేసికొని పెరటిలో నిలువుడు. నీరు ఆగినచోటనెల్ల ఒక పుల్ల గుచ్చుడు. వాన వెలిసి నేల ఆరిన తరువాత ఆ చోటులను సరిచేసి, పిమ్మట గుంతలు త్రవ్వుడు. నాటుట పది దినములు ఆలస్యమైనను నష్టము లేదు. ఇల్లును, చెట్టును రెండును నిలుచును.