బంజరు కాదు, పచ్చిక బయలు

ఊరి చివర చెట్లు లేని బయలు కనిపిస్తే "బంజరు" అనేస్తాం. నిజంగా అక్కడ ఏమీ లేదా? సెప్టెంబరులో వెళ్ళి పరీక్షించండి.

నాలుగు పుల్లలు పాతి, పురికొసతో ఒక మీటరు భుజం గల చతురస్రం కట్టండి. అందులో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కించి నోటుబుక్కులో రాయండి. పేరు తెలియకపోతే ఆకు బొమ్మ గీయండి. పశువుల కాపరులను అడగండి. మొక్కలను పీకవద్దు. గులాబి కొసతో తెల్లని కంకి కనిపిస్తే, అది బతుకమ్మలో పేర్చే గునుగు కావచ్చు. గడ్డికీ పువ్వులుంటాయి! వాటి పుప్పొడిని గాలి మోస్తుంది కనుక రంగురంగుల రేకులు అక్కర్లేదు.

గడ్డి పెరిగే మొగ్గ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే పశువులు కొనలు మేసినా మళ్ళీ చిగురిస్తుంది. కాని బయలు గడ్డిజాతులు చాలావరకు నీడను తట్టుకోలేవు. మంచిపనే కదా అని అక్కడ దట్టంగా చెట్లు నాటితే గడ్డి పోతుంది. దాన్ని నమ్ముకున్న ప్రాణులూ పోతాయి.

బట్టమేక పక్షినే చూడండి. దాదాపు మీటరు ఎత్తుండే ఈ పక్షి చెట్టుమీద గూడు కట్టదు. బయట నేలమీదే, సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. దీని రక్షణకు 1988లో నాటి కర్నూలు జిల్లా రోళ్ళపాడులో అభయారణ్యం ఏర్పడింది. కాని చుట్టుపక్కల బీళ్ళు సాగుభూములయ్యాయి. బట్టమేక అక్కడ దాదాపు కనుమరుగైంది. దానికి కావలసింది అరణ్యం కాదు, గడ్డి!

జనవరిలో అదేచోట మళ్ళీ లెక్కించండి. రెండు పట్టికలనూ తరగతిలోనూ, పంచాయతీలోనూ చూపించండి. ఇంకా ఆ నేలను బంజరు అంటారా?